పదమూడో గొట్టం

బ్లాంక్ గారు దేన్నైనా ముందు ఖాళీగా పరీక్షిస్తే గానీ నమ్మరు.

దాణా పరీక్షించే ల్యాబ్‌లో ఆయన పెద్ద కెమిస్టు. మొక్కజొన్న పిండిలో ఎంజైము పోస్తే స్టార్చ్ చక్కెరగా మారుతుంది. దానికి రంగుమందు కలిపితే గులాబీ రంగు తేలుతుంది. రంగు చిక్కబడ్డకొద్దీ స్టార్చ్ ఎక్కువన్నమాట. పిండి వెయ్యకుండా మిగతావన్నీ పోసిన గొట్టమే బ్లాంక్. మందులోనే చక్కెర ఉంటే అది పట్టిస్తుంది. ల్యాబ్‌లో అది లేకుండా ఆయన ఏ పరీక్షా చెయ్యరు, అందుకే ఆయనకు ఆ పేరు. అక్కడితో ఊరుకోక, ఈ పద్ధతిని ఇంటికీ మోసుకెళ్లారు.

టీ తాగేముందు అదే కప్పులో వేడినీళ్లు చప్పరించేవారు. కూర రుచి చూడమంటే ముందు ఖాళీ గరిటె నాకేవారు.

"గరిటెలో ఉప్పేముంటుందండీ?" అనేది భార్య.

"లేదని తేలిందిగా, ఇప్పుడు కూర వెయ్యి."

కొత్తగా చేరిన కెమిస్టుకు ఈయనతో ప్రాణం విసిగిపోయింది. పన్నెండు గొట్టాలు సర్దుతుందో లేదో, "బ్లాంక్ పెట్టావా అమ్మా?" అని వెనకనుంచి గొంతు. "పెట్టానండీ" అనేది. మొదటి నెల అది నిజమే. తర్వాత పనెక్కువై, ఎప్పుడూ సున్నాయే వచ్చే గొట్టం దండగనిపించి మానేసింది. జవాబు మాత్రం మానలేదు.

ఒకరోజు మేనేజరు ఆమెను పిలిచాడు. "ఈ మొక్కజొన్నలో స్టార్చ్ డెబ్బై ఒక్క శాతమని రాశావు. బయటి ల్యాబ్ అరవై నాలుగంటోంది. ఇవాళ సంగతి తేలకపోతే రేపటినుంచి రానక్కర్లేదు."

ఆమె ఉద్యోగం పోయినట్టే అనుకుంది.

అంతలో బ్లాంక్ గారు, రంగు కొలిచే మిషను అచ్చేసిన చీటీతో వచ్చారు. "ఆ పరీక్ష మర్నాటినుంచి సెలవులో ఉండి, ఈ చీటీ ఇవాళే చూశానండీ. పన్నెండు గొట్టాల అంకెల అడుగున పదమూడోది, బ్లాంక్‌ది ఉంది, ఎవరూ చూసుకోలేదు. కొత్త ఎంజైము సీసాలోనే చక్కెర ఉంది. అది తీసేస్తే అరవై నాలుగు."

మేనేజరు రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. "బ్లాంక్ పెట్టిందెవరు?"

"ఆ అమ్మాయి గొట్టాల రాక్‌లోనే ఉందండీ," అన్నారాయన, మొహంలో ఏ మార్పూ లేకుండా.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "మీరే పెట్టారు కదండీ? ఎన్నాళ్లనుంచి?"

"నువ్వు మానేసిన రోజునుంచి."

"తెలిసీ రోజూ అడిగారెందుకు?"

"ఒక్కరోజైనా పెట్టలేదంటావేమోనని."

ఆమెకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు పొద్దున ఆయన బల్లమీద రెండు కప్పులు పెట్టింది. "ముందు ఇది తాగండి. ఉత్త వేడినీళ్లు."

ఆయన చప్పరించి, కాసేపు ఆలోచించారు.

"చప్పగా ఉంది," అన్నారు తృప్తిగా. "ఇక నీ టీని నమ్మొచ్చు."