వీరలక్ష్మి గారి గోడ ఆరలేదు

నా కొట్టుకొచ్చేవాళ్ళలో నన్ను విసిగించడంలో వీరలక్ష్మి గారిని మించినవాళ్ళు లేరు. ఇంద్రేశంలో సిమెంటు, పెయింట్లు అమ్ముకుని బతికేవాణ్ణి. పొద్దున్నే బోణీ కాకముందే వచ్చి స్టూలు మీద కూర్చుని, "బాబూ, మా గోడకి ఏది పూస్తే మంచిదంటావు?" అని నిన్న అడిగిందే మళ్ళీ అడిగితే ఎవరికి మండదు?

ఆవిడది గుంటూరు వైపు. భర్త భీమశంకరం గారు ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. సిమెంటు బ్లాకులతో ఇల్లు కట్టించి, బయట ప్లాస్టరింగ్ చేయించకుండానే పోయారు. పిల్లల్లేరు. గేటు సందులోకి ఉంటుంది, ఆ సందులోకి కుక్క కూడా రాదు.

కానీ వెనక గదికి ఒక కిటికీ ఉంది. దాని అవతల ఖాళీ ప్లాటు, ప్లాటు దాటితే రోడ్డు. కాజీపల్లి మందుల కంపెనీలకు పోయే ఆడపిల్లలు అక్కడే బస్సు కోసం ఆగుతారు. కిటికీ దగ్గరికొచ్చి సీసాల్లో నీళ్ళు పట్టించుకుని, "అమ్మా, తిన్నవా?" అని అడిగేవారు. రోజు మొత్తమ్మీద ఆవిణ్ణి మనిషన్నవాడు పలకరించేది అప్పుడే.

ఆ ప్లాటును మల్లేష్ కొన్నాడు. గోదాం కట్టి కిరాయికి ఇస్తాడట. అతని గోడ ఈవిడ గోడను ఆనుకున్నట్టే లేస్తుంది. లేచిందంటే కిటికీ పని అయిపోయినట్టే. పైగా ఆ తర్వాత ఈవిడ గోడ బయటివైపు ఏదైనా పూయడానికి చెయ్యి కూడా పట్టదు. ఒట్టి బ్లాకుగోడ, వాన పడితే గటగటా తాగుతుంది.

మల్లేష్ మంచోడు. "జల్దీ పూయించుకోమ్మా. అది అయినంకనే నా గోడ లేపుత. వానలు రాకముందే కావాలె," అన్నాడు.

నేను గోడలోకి వాననీళ్ళు దిగకుండా పూసేవి రెండు రకాలు చూపించాను. ఒకటి తెల్లగా, చిక్కగా, గోడ మీద పొర కట్టేది. రెండోది నీళ్ళలా ఉండి బ్లాకులోకి ఇంకిపోయేది.

"పొర లేస్తే మళ్ళ పూయనీకి సందుండదమ్మా. లోపలికి ఇంకేదే తీస్కో. గానీ గోడ మంచిగ ఆరాలె. తడి మీద పూస్తే పైసలు దండుగ," అన్నాను.

తీసుకెళ్ళింది. పెయింటర్ ఓదెలు వెళ్ళి, ఇనుప బ్రష్షుతో దుమ్ము రుద్ది, సందులు పూడ్చి, అవి ఆరాక మళ్ళీ వెళ్ళి అరచెయ్యి ఆనించి చూశాడు. తడి! ఇంకోసారి వెళ్ళాడు. మళ్ళీ తడే!

"ఎండలకు తారు కరుగుతుంటే గీ గోడ ఆరదేంది సేటూ?" అని నా మీదికొచ్చాడు. నాకూ ఒళ్ళు మండింది. రేపు పట్టకపోతే నా సరుకునే కదా అందరూ తిట్టేది! ఆ సాయంత్రం నేనే వెళ్ళాను.

ప్లాటులో నిలబడి, పైపుతో గోడకు నీళ్ళు పడుతోంది ఆవిడ.

"ఏందమ్మా గిది! ఆరనియ్యమంటే తడుపుతున్నవా?"

"సిమెంటుకి నీళ్ళు పట్టాలి కదా బాబూ. మేస్త్రీలంతా అదే కదా చెప్తారు."

"అది కట్టిన కొత్తల! గీ గోడ కట్టి ఎన్నేండ్లాయె?"

పైపు కింద పడేసింది. "తెలుసు బాబూ. ఆరితే కిటికీ పోద్ది. ఇంకో నాలుగు రోజులు ఆ పిల్లల మాట వినొచ్చని..."

నా కోపం ఎటు పోయిందో పోయింది. "వానలొస్తే ఇల్లంత నానుతదమ్మా," అని మాత్రం అన్నాను.

"అవును. పాపం, ఆ మల్లేష్‌ని ఎన్నాళ్ళు ఆపుతాను," అని తనే వెళ్ళి నల్లా కట్టేసింది.

గోడ ఆరింది. ఓదెలు బ్లాకు గరుకులోకి దిగేలా బ్రష్షుతో రుద్ది రెండుసార్లు పూశాడు. పరీక్షకని గ్లాసుడు నీళ్ళు కొడితే చేమాకు మీద పడ్డట్టు జారిపోయాయి. "బాగా పట్టింది," అంది ఆవిడ. వారం తిరక్కుండా మల్లేష్ గోడ లేచింది.

మొన్న పొద్దున మిగిలిన డబ్బా తిరిగిచ్చేద్దామని వచ్చింది. లోపల పుట్టీ బస్తాల వెనక స్టూలు మీద కూర్చుంది. అంతలో రోడ్డు మీద బస్సు కోసం ఆగిన ఇద్దరు కంపెనీ ఆడపిల్లలు కొట్టు ముందుకొచ్చారు.

"అన్నా, గా కిటికీ అమ్మ ఊరికి వోయిందా? గోడొచ్చిందేంది గాడ?"

"ఎక్కడికీ పోలే..." అని నేను వెనక్కి తిరిగేలోగా బస్సు హారన్ కొట్టింది. నా మాట పూర్తిగా వినకుండానే పరుగెత్తారు.

"ఈడనే ఉంటివి గదమ్మా! ఒక్క కేకెయ్యకపోయినవా?" అని కసిరాను.

"బస్సు తప్పిపోద్ది బాబూ వాళ్ళకి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అడిగారు కదా నా గురించి," అంది. మళ్ళీ తనే, "రేపు కూడా అడుగుతారంటావా?" అంది.