రెండోసారి తొట్టిలో దిగాను

సహోదరులారా, సహోదరీలారా, దేవుడు నన్ను వద్దన్నాడని రెండేళ్లపాటు నమ్మిన మనిషిని నేను. పైకి ఏడ్చేదాన్ని కాదు. ఆదివారం అమ్మా నాయనా ఆరాధనకు బయలుదేరితే కడుపునొప్పి అని అబద్ధం చెప్పి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, వాళ్లు పోయాక మందిరంలోంచి పాట వినిపిస్తే చెవులు మూసుకుందామని చూసేదాన్ని, నాకు పైకి లేచేది ఒక్క చెయ్యే కాబట్టి ఒక చెవి మూసుకుని రెండో చెవితో పాటంతా విని, విన్నందుకు మళ్లీ కోపం తెచ్చుకునేదాన్ని!

నా పేరు కరుణ, ఇరవై రెండేళ్లు. కుందుర్పి దగ్గర ఒక చిన్న పల్లె మాది, నాయన వానను నమ్ముకుని వేరుశనగ వేస్తాడు, కొన్ని గొర్రెలున్నాయి. నేను పుట్టగానే ఏడవలేదట, ఊపిరి అందడం ఆలస్యమై మెదడు దెబ్బతిన్నదని, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని డాక్టర్లు చెప్పారు. నా ఆలోచనకు ఏ లోపమూ లేదు, ఒళ్లే చెప్పిన మాట వినదు. కాళ్లు ఒకదాని మీదికొకటి పెనవేసుకుంటాయి, ఎడమచేతి పిడికిలి విడవదు, మాట ముద్దగా వస్తుంది. ఈ సాక్ష్యాన్ని ఫోనులో కుడి చూపుడువేలితో ఒక్కో అక్షరం నొక్కి పదకొండు రోజులు రాశాను, కాబట్టి దయచేసి మధ్యలో వదిలేయకండి.

ఇరవై ఏళ్లు నిండాక నేను ప్రభువును నా సొంత రక్షకుడిగా ఒప్పుకుని బాప్తిస్మం కావాలని అడిగాను. చిన్నప్పటినుంచి సంఘంలో నేను ప్రార్థన విన్నపాల చీటీలో ఒక పేరును మాత్రమే, అందరూ నా తలమీద చెయ్యి పెట్టేవారే గానీ నన్ను తమలో ఒకదాన్నిగా లెక్కించినవారు తక్కువ. బాప్తిస్మం పొందితే నేనూ సభ్యురాలిని, ప్రభువు బల్లలో, ఆ రొట్టెలో ద్రాక్షారసంలో నాకూ పాలుంటుంది అని ఎంత ఆశపడ్డానో!

మా ప్రాంతంలో వాగులు పేరుకే వాగులు, అందుకే మా బాప్తిస్మాలు ఒక విశ్వాసి చేనులో బోరు దగ్గరున్న సిమెంటు తొట్టిలో జరుగుతాయి. అది చలికాలం పొద్దున, రాత్రంతా నిలిచిన నీళ్లు. పాస్టరయ్య అందరినీ ముంచినట్టే నన్నూ వెల్లకిలా వంచారు. ఆ చల్లదనం వీపుకు తగిలిందో లేదో నా ఒళ్లంతా వెనక్కి బిగుసుకుపోయింది, చెయ్యి దానంతట అది ఎగిరి పాస్టరయ్య ముఖానికి తగిలింది, ఆయన కళ్లద్దాలు నీళ్లలో పడ్డాయి, నేను నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరై ఏదో అరుపు అరిచాను. అంతే! గట్టున నిలబడిన సంఘపెద్ద యేసుదాసు పెదనాయన "అపవిత్రాత్మా, బిడ్డను ఇడ్సిపెట్టి పో!" అని గద్దించడం మొదలుపెట్టాడు, ఆయన్ని చూసి మరో పదిమంది చేతులెత్తి గద్దించారు, వాళ్లు అరిచేకొద్దీ నేను ఉలిక్కిపడి ఇంకా బిగుసుకున్నాను, నేను బిగుసుకునేకొద్దీ వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు!

చివరికి అమ్మ తొట్టిలోకి దూకి నన్ను లాక్కుంది. బాప్తిస్మం కాలేదు. తువ్వాలలో వణుకుతూ ఉంటే వెనకనుంచి ఎవరో ఆడమనిషి నెమ్మదిగా అన్న మాట నా చెవిలో పడింది. "ఈ బిడ్డ నీళ్లల్లో దిగేది దేవునికి ఇష్టం లేదేమోప్పా." అరుపులన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. పెద్దలు తర్వాత ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్లు తలమీద చల్లి సరిపెడదామన్నారు. అందరికీ తొట్టి, నాకు గ్లాసా? నాకు కోపం ఎక్కువ, ఒప్పుకుంటాను, తల అడ్డంగా ఊపి ముఖం తిప్పుకున్నాను.

ఆ రెండేళ్లలో సంతోషాలు లేవని కాదు. వేడివేడి రాగిసంగటి ఉంది, నమలకుండా జారిపోతుంది, నాకోసమే కనిపెట్టారా అన్నట్టుంటుంది. సాయంత్రం గొర్రెలు ఇల్లు చేరాక ఒక పిల్ల వచ్చి నా మూసుకున్న పిడికిలిని నాకేది, ఆ చక్కిలిగింతకు అది ఒక్కోసారి దానంతట అదే విచ్చుకునేది. మా పక్కింటి లక్ష్మక్క రోజూ వచ్చి నా ఫోనులో తన చెల్లెలికి వీడియో కాల్ చేయించుకుని ఊరి కబుర్లన్నీ నా ముందే చెప్పేది. అన్నీ ఉన్నాయి, కానీ వీటిని ఇచ్చినవాడికి నేను అక్కర్లేదు అనుకుంటే ఏది తిన్నా చప్పగానే ఉంటుంది.

ఒక శనివారం సాయంత్రం ఎప్పటిలాగే అమ్మ నాకు తలంటుతోంది. నన్ను పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, నా మోకాళ్లు ముడిచి, నా తలను ముందుకు తన భుజంమీదికి వంచుకుని "ఊపిరి బిగబట్టు, పోస్తాండా" అని చెప్పి గోరువెచ్చని నీళ్లు చెంబులు చెంబులు కుమ్మరిస్తుంది, ముక్కూ నోరూ అన్నీ నీళ్లే! ఆ చెంబుల మధ్యలో నాకు ఒక్కసారిగా తట్టింది. పుట్టినప్పటినుంచి ప్రతి శనివారం నేను నీళ్ల కిందే ఉన్నాను, ఒక్కసారైనా బిగుసుకోలేదు! ఆ దయ్యానికి శనివారం సెలవా ఏమిటి? సహోదరులారా, సబ్బు నురగ నోట్లోకి పోతున్నా నేను పగలబడి నవ్వాను, ఆ నవ్వే ఏడుపైంది, అమ్మ కంగారుపడి చెంబు కింద పడేసింది. రెండేళ్ల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అదే. "ప్రభువా, నువ్వు నన్ను వద్దనలేదు గదా! నన్ను ఎనక్కి వంచినారు, అంతే గదా! ఇన్నాళ్లు నీ మీద అలిగినాను, నన్ను మన్నించు తండ్రీ, ఇంకొక్కసారి నన్ను నీళ్లల్లో దించు!"

వెంటనే పాస్టరయ్యకు ఫోనులో రాసి పంపాను. వెనక్కి వంచొద్దు, మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి ముందుకు వంచండి, నీళ్లు వెచ్చగా ఉండాలి, ముందే చెప్పి చెయ్యాలి, ఎవరూ అరవకూడదు అని. మర్నాడు ఆరాధన అయిపోగానే ఆయన యేసుదాసు పెదనాయనను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పెదనాయన మంచంమీద కూర్చోకుండా నా ముందు నేలమీద కూర్చున్నాడు. "నాకు తెల్లేదు తల్లీ. బయపడి అరిసినా. నన్ను మన్నించు," అన్నాడు. ఆయనను అనడానికి రెండేళ్లుగా మాటలు కూడబెట్టుకుని ఉన్నాను, తీరా నా నోట వచ్చింది మాత్రం "నీ గొంతు శానా పెద్దది పెదనాయనా" అని. ఆయన నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు, ఆ క్షణంలోనే నా లోపలి కోపం ఎటు పోయిందో పోయింది, దేవునికే స్తోత్రం!

అప్పటికి ఎండాకాలం, బోరు సన్నగా పోస్తోంది, తొట్టి సగం కూడా నిండలేదు. కూర్చుని ముందుకు వంగే మనిషికి ఇంకాస్త ఉంటే చాలు. మా ఊళ్లో కొళాయి వచ్చేది నాలుగు రోజులకొకసారి, బిందె నీళ్లు ఎవరూ ఊరికే ఇవ్వరు, అటువంటిది ఆ రోజు మా సంఘంలోని ఆడవాళ్లు తలా ఒక బిందె వేడినీళ్లు నెత్తిన పెట్టుకుని చేనికి వచ్చారు! పెదనాయన రెండు చేతులా రెండు బిందెలు మోశాడు. మందిరం గడప ఎప్పుడూ తొక్కని లక్ష్మక్క కూడా ఒక బిందె తెచ్చి కుమ్మరించి, "దేవుడు ఎవురైతే ఏమప్పా, బిడ్డకు సలి కాకుంటే సాలు" అని వేలితో నీళ్ల వేడి చూసింది.

అమ్మే నాతో తొట్టిలో దిగింది, శనివారం కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టింది, పాస్టరయ్య అటువైపు పట్టుకున్నారు. గట్టుమీద అంతమంది ఉన్నా ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. "ఊపిరి బిగబట్టు," అంది అమ్మ. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నేను మునిగాను. నా ఒళ్లు మెత్తగా, నిమ్మళంగా ఉంది! పైకి లేచి నేను నవ్వితే అందరి నవ్వులూ ఒక్కసారి బయటికొచ్చాయి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తొట్టిగట్టు మీద అమ్మ ఒక కవరు పెట్టుకుంది. అందులో నా కాళ్లకు సరిపోయే కొత్త చెప్పులు! నీళ్లలోంచి నేను నడిచి వస్తానని ఆమె లోలోపల నమ్మింది. నా కాళ్లు ఎప్పటిలాగే పెనవేసుకుని ఉండటం చూసి ఆమె తువ్వాలతో నా పాదాలు తుడిచింది. తర్వాత "నడిసేకి కాదులే, సొగసుగా ఉంటాయని తెచ్చినా" అంటూ ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే సర్ది నాకు తొడిగింది. నేను మనసులో ప్రార్థించాను. "ప్రభువా, నా కోరిక తీర్చినావు, అమ్మది తీరలేదు, నా సంతోషంలో సగం ఆమెకియ్యి." ఆ ప్రార్థన ఇంకా చేస్తూనే ఉన్నాను.

తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ప్రభువు బల్ల. నాకూ రొట్టె ముక్క అందింది! సంగటిలా జారదు కదా, ఎండురొట్టె, నాలుకకు అతుక్కుపోయింది, అందరూ పుచ్చుకున్నారు, నేను ఇంకా నములుతూనే ఉన్నాను, సిగ్గుతో చెమట పట్టింది. అలవాటు ప్రకారం రొట్టె అవగానే యేసుదాసు పెదనాయన పాట ఎత్తుకోవాలి. ఆయన ఎత్తుకోలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పాస్టరయ్య ద్రాక్షారసం గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నావైపు ఒక్కరూ తిరిగి చూడలేదు, ఒక్కరూ విసుక్కోలేదు, పసిపిల్లలు కూడా కదలలేదు, నేను మింగేవరకు సంఘమంతా ఆగింది!

దేవుడు నన్ను వద్దన్నాడని అనుకున్నాను సహోదరులారా, ఆయన బల్ల దగ్గర నాకోసం అందరినీ ఆపాడు. ఆయనకే మహిమ! ఇది చదివేవారిలో ఎవరైనా నాలాగా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, లేచి రండి. నడవలేకపోతే మోయించుకుని రండి, ఆలస్యమైందని సిగ్గుపడకండి. మీ ముక్క మీరు మింగేదాకా ఆయన ఆగుతాడు.