డీజిల్ పైపులో గాలి

2013 జూన్‌లో నన్ను విజయనగరంలోని ఒక కార్ల వర్క్‌షాపులో సీనియర్ ఫోర్‌మన్‌గా వేశారు. అప్పటికి ఆ పనిలో ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. బండి రాగానే సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు రాస్తాడు. అది ఫోర్‌మన్ చేతికొస్తుంది. ఫోర్‌మన్ లోపం నిర్ణయించి మెకానిక్‌కు అప్పగిస్తాడు. బండి యజమానితో ఫోర్‌మన్ మాట్లాడాలన్న నియమం లేదు. నేనూ పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు.

ఆ ఆగస్టులో భావనపాడు నుంచి దాలయ్య గారని ఒకాయన పాత టర్బో డీజిల్ బండి తెచ్చారు. ఏడు సీట్లది, ఆయన చేతికి వచ్చేటప్పటికే పదేళ్లు నడిచింది. ఎండుచేపల వ్యాపారం ఆయనది. భార్య నూకాలమ్మ గారికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు శ్రీకాకుళంలో డయాలిసిస్. ఆ బండి కొన్నదే అందుకు. ఊళ్లో అదే జబ్బున్న మరో ముగ్గురు కూడా అందులోనే వెళ్లేవారు. ఇదంతా అడ్వైజర్ నాకు తర్వాత చెప్పాడు. కార్డు మీద మాత్రం రెండు ముక్కలే ఉన్నాయి: ఆగి ఉండగా ఐడిలింగ్‌లో వణుకు, యాక్సిలరేటర్ తొక్కితే కుదుపు.

తొక్కుడు ఒకే తీరుగా ఉన్నా బండి ఒకసారి ముందుకు ఉరికి, మరుక్షణం వెనక్కి పట్టినట్టు కావడాన్ని మేం సర్జింగ్ అంటాం. టర్బో బండిలో ఈ లక్షణం కనిపిస్తే చూపు ముందు గాలి గొట్టాల మీదికి పోతుంది. గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టానికి నూనె మరక, సన్నటి చీలిక కనిపించాయి. గొట్టం మార్పించి, నెల్లిమర్ల దాకా స్వయంగా నడిపి చూశాను. బాగానే ఉంది. ఆయన మా దగ్గరికి వచ్చే దారిలో ట్యాంకు నిండా డీజిల్ కొట్టించుకున్నారన్న సంగతి నాకు తెలియదు. దానితో నాకు పనుందన్న ఆలోచనా లేదు.

పది రోజులకు బండి మళ్లీ వచ్చింది. ఈసారి స్కానర్ పెట్టాను. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే గొట్టంలో, మా మాటల్లో రైలులో, ప్రెషర్ తక్కువని లోపం కోడ్ చూపించింది. కోడ్ దొరికితే ఫోర్‌మన్‌కు ధైర్యం వస్తుంది. ఇంజెక్టర్లు విప్పించి పరీక్షకు విశాఖ పంపాను, పంపు మీది వాల్వు మార్పించాను. బండి ఐదు రోజులు మా దగ్గరే ఉంది. ఆ ఐదు రోజుల్లో నూకాలమ్మ గారు ఒకసారి ఆటోలో, బస్సులో పడుతూ లేస్తూ శ్రీకాకుళం వెళ్లొచ్చారని తర్వాత తెలిసింది. బండి అప్పగించే ముందు మేమే ట్యాంకు నింపించి నడిపి చూశాం. అప్పుడూ బాగానే ఉంది.

సెప్టెంబరు చివర దాలయ్య గారు మూడోసారి వచ్చినప్పుడు తలమీద జుట్టు లేదు. నేను గమనించి కూడా ఊహించలేదు. మళ్లీ అదే కంప్లైంటా అని అడిగాను. బండి కోటబొమ్మాళి దాటాక హైవే మీద ఆగిపోయిందని ఆయన చెప్పారు. ఎంత స్టార్టు చేసినా కాలేదు. రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చుని, ఒక వ్యాను ఆపి నూకాలమ్మ గారిని ఎక్కించారు. ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ వంతు దాటిపోయింది. మిషన్లన్నీ నిండి ఉన్నాయి, మర్నాడు రమ్మన్నారు. మర్నాడు పొద్దున్న బయల్దేరితే ఆయాసం ఎక్కువై టెక్కలి చేరకుండానే ప్రాణం పోయింది.

ఆయన బండి వైపు చూపించారు.

"ఆవిడి ఎలిపోనాది బాబూ. ఇంకా ముగ్గురున్నారు, ఈ బండికే ఎల్తారు. ఇప్పుడైనా బాగు సెయ్యండి."

అప్పుడు అడిగాను, ఈ తేడా మొదట ఎప్పుడు కనిపించిందని.

"టెక్కలిలో డీజిల్ ఫిల్టరు మార్పించిన కాన్నించీ. ట్యాంకు నిండుగుంటే బాగుంటాది. సగానికి దిగితే మొదలెడతాది."

బండి అప్పగించే ముందు మేమే ట్యాంకు నింపిన సంగతి గుర్తొచ్చింది. ఫిల్టరుకీ పంపుకీ మధ్యనున్న నల్ల రబ్బరు పైపు తీసి, లోపల ఏం పారుతోందో కనిపించే ప్లాస్టిక్ పైపు పెట్టాను. దీన్ని అరవై పైసల పని అనేవాడు నాకు పని నేర్పిన మేస్త్రి. ట్యాంకులో డీజిల్ అడుగంటి ఉంది. ఇంజన్ వణుకుతుంటే పైపులో డీజిల్‌తో పాటు బుడగలు బారులు తీరి పోతున్నాయి. టెక్కలిలో ఫిల్టరు మార్చి మూత బిగించేటప్పుడు దాని కింది రబ్బరు రింగు ఒకచోట నలిగి తెగింది. ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ పంపు గట్టిగా లాగాలి, అప్పుడు తెగిన చోట గాలి చొరబడుతుంది. స్కానర్ చూపించిన ప్రెషర్ తగ్గడానికి కారణం అదే. కొత్త రింగు వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

తప్పు నాదేనని ఆయనకు చెప్పాను. ఆయన పాత రింగును వేళ్లతో తడిమి చూశారు.

"మొదటి రోజే తెలిసీదా ఇది?"

"అడిగుంటే తెలిసేది."

"అడిగితే సెప్పీవోణ్ణి బాబూ. నన్ను ఎవులూ అడగనేదు."

గొంతులో కోపం లేదు. కోపగించుకుని ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణేమో. ఆయన బండెక్కి, వణుకు లేని ఇంజన్‌ను కాసేపు వింటూ కూర్చుని, వెళ్లిపోయారు. బండి మళ్లీ మా దగ్గరికి రాలేదు.

జబ్బు ఆ దశలో ఉంటే ఆవిడకు ఏదైనా జరగొచ్చని నాకు తెలిసిన డాక్టరు ఒకాయన అన్నారు. నిజమే కావచ్చు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. తర్వాతి నెలలో మేనేజరును ఒప్పించి, జాబ్ కార్డులో రెండు గళ్లు అదనంగా వేయించాను: లోపం ఎప్పటి నుంచి, దానికి ముందు బండికి ఏం పని జరిగింది. 2017లో రిటైరయ్యే దాకా ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తకముందు ఆ రెండూ నేనే అడిగి రాశాను. కొత్త అడ్వైజర్లు ఆ గళ్లను ఖాళీగా వదిలేసేవారు.

ప్రెషర్ ఎక్కడ తగ్గిందో స్కానర్ చెబుతుంది. ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఆ బండి రోజూ నడిపే మనిషిని అడగాలి. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఉండి కూడా నేను మూడోసారికి గాని అడగలేదు.