నాయన చెప్పిన ‘ఇప్పుడే’

మా చిన్నప్పుడు... ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు వచ్చి ఆగిందంటే తలుపు దగ్గర యుద్ధమే. తెలివైనవాళ్లు కిటికీలోంచి సీటు మీదికి టవలు విసిరేవాళ్లు. మా నాయన నాలుగాకులు ఎక్కువే చదివాడు... టవలుతో పాటు నన్ను కూడా కిటికీలోంచి లోపలికి దించేవాడు.

ఆ రోజు పెద్దమ్మ వాళ్లింటి నుంచి తిరిగి వస్తున్నాం. నేను ఒకటో క్లాసు. నన్ను సీట్లో దించాక, అవ్వకు తమలపాకులు కొనలేదని నాయనకు గుర్తొచ్చింది.

“టవలు మీద నుంచి లేవబాకమ్మా. ఇప్పుడే వస్తా.”

అంతే... జనంలో కలిసిపోయాడు.

బస్సు నిండిపోయింది. ఒకామె నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంది. సీటు కాజేయడానికేనని నా అనుమానం... కదిలితే ఒట్టు. ఇంతలో డ్రైవరు ఎక్కాడు. ఇంజను స్టార్టయి బస్సు రేకులన్నీ గడగడలాడాయి.

కండక్టరుకు చెబుదామంటే లేవాలి. లేస్తే సీటు పోతుంది, పైగా నాయన లేవద్దన్నాడు. లేవకపోతే నాయన ఇక్కడే ఉండిపోతాడు...

విజిల్ పడింది. బస్సు కదిలింది. అంగళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, ఏ అంగడి ముందూ నాయన లేడు. ఏడుపు కూడా రాలేదు. ఇక నాకు నాయన లేడనే అనుకున్నాను. టవలును రెండు చేతులా పట్టుకున్నాను... దాన్నిండా నాయన చెమట వాసన.

బస్సు మలుపు తిరిగాక, వెనక తలుపు వైపు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో ఆకుల పొట్లం. కదిలే బస్సును పరిగెత్తి ఎక్కాడట. ఆయన్ని చూశాక అప్పుడు ఏడ్చాను, బస్సంతా తిరిగి చూసేటట్టు.

“ఏందమ్మా ఏడస్తా ఉండావు? నేను పొయ్యింది ఇప్పుడే గదా.”

ఇప్పుడేనట! ఉదయగిరి కొండ కనబడేదాకా ఆ టవలు ఆయన చేతికి ఇవ్వలేదు నేను.

ఈ మధ్య సోమవారం అనుకునేలోపు శనివారం వచ్చేస్తోంది. ఎవరైనా ఆలస్యమైతే ఫోను చూసుకుంటాం. కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే పనే లేదు... అందుకేనేమో కాలం ఇలా జారిపోతోంది.

మొన్న నాయన ఫోటోకు దండ మారుస్తుంటే, తాత పోయి ఎన్నాళ్లయిందని మా అమ్మాయి అడిగింది. ఎనిమిదేళ్లు. ఆ బస్సులో టవలు మీద కూర్చున్నంతసేపు కూడా కానట్టుంది నాకు. ఎనిమిదేళ్లని చెప్పబోతే, నోట్లోంచి వేరే మాట వచ్చింది...

“ఇప్పుడే గదమ్మా పొయ్యింది.”

మీకూ ఎవరో ఒకరు ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి వెళ్లే ఉంటారు... ఎంతసేపు ఎదురుచూశారో చెప్పండి.