సముద్రం ఎటు?

మా వదిన రన్వాకి తప్పు ఒప్పుకోవడం చేతకాదని ఈ ద్వీపంలో గొర్రెల్ని అడిగినా చెబుతాయి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను దక్షిణాన సూరోయ్ ద్వీపం నుంచి ఈ ఉత్తరపు ఊరికి కోడలిగా వచ్చిన రోజునే, "ఇది కాఫీ కాదు మరీతా, పడవ కడిగిన నీళ్ళు," అని మొహం మీదే అంది. అన్నది నిజమే కాబట్టి ఊరుకున్నాను. అప్పటినుంచీ మా ఇద్దరికీ బాగా పడుతుంది.

ఆమె పని సాల్మన్ చేపల పెంపకంలో. ఒడ్డున ఒక గదిలో కంప్యూటర్ తెరల ముందు కూర్చుని, సముద్రంలో తేలే వలల్లోని చేపలకి మేత వేస్తుంది. ఇంటికొచ్చాక మళ్ళీ తెర ముందే. దిమ్మె మీద దిమ్మె పేర్చి కొండలూ ఇళ్ళూ కట్టుకునే ఆట ఉంది కదా, పిల్లలు అన్నం నీళ్ళు మాని ఆడేది, అందులో ఊరందరికీ కలిపి ఒక లోకం నడుపుతోంది. ఆ ఆటకి ఎవరో పుణ్యాత్ములు ఒక చేర్పు తయారు చేశారు. దాన్ని తగిలిస్తే ఆటలోనే చిన్న చిన్న కంప్యూటర్లు పెట్టుకోవచ్చు. వాటిలో కదిలేవాటిని తాబేళ్ళంటారు. చెప్పినట్టు నడుస్తాయి, తవ్వుతాయి, రాళ్ళు పేరుస్తాయి.

ప్రతి తాబేలూ పుట్టుకతోనే కొన్ని పాఠాలు వెంట తెచ్చుకుంటుంది. నడవడం, తవ్వడం, తిరగడం, అన్నీ ఇంగ్లీషులోనే. "మన కొండ మీద తిరుగుతూ పరాయి మాట వింటుందా?" అని వదిన ఆ పుట్టు పాఠాల్ని విప్పి కూర్చుంది. పాత పాఠానికున్న పేరుతోనే తన పాఠం రాసి పెడితే, తాబేలు పాతదాన్ని వదిలి ఆమెదే పట్టుకుంటుందట. మొట్టమొదట మార్చింది నాట్యం. పుట్టుకతో వాటికొక పిచ్చి గెంతుడు వచ్చు. దాని బదులు మేమంతా చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే ఆట నేర్పింది. ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి. ఊళ్ళో సగం మందికన్నా తాబేలే బాగా ఆడుతోందని మా ఆయన హైని అన్నాడు. ఆ సగంలో తనూ ఉన్నాడని నేను గుర్తు చేశాను.

మా మామయ్య ఓస్సుర్ పుట్టింది ఈ ఊళ్ళో కాదు, కొండ వెనక హూసాదాల్‌లో. దారి లేని ఊరు, పడవే దిక్కు. ఆయన బడికెళ్ళే వయసులో ఉండగా చివరి కుటుంబాలు తలుపులు దగ్గరకి వేసి ఇటు వచ్చేశాయి. తర్వాత ఒక చలికాలం కొండచరియ విరిగి ఆ ఊరి దిగువ సగాన్ని సముద్రంలోకి తోసేసింది. వాళ్ళమ్మ ఇల్లు ఆ సగంలోనే ఉండేది. ఒక్క ఫొటో కూడా లేదు. అక్కడ పుట్టినవాళ్ళలో మిగిలింది ఈయనొక్కరే.

పోయిన ఏడాది ఆయనకి మతిమరుపు పట్టుకుంది. అది పెరిగేదే గాని తగ్గేది కాదని క్లాక్స్‌విక్ పట్నంలో డాక్టరమ్మ చెప్పింది. కారులో తిరిగొస్తూ సొరంగం దాటాం. వెలుతురులోకి రాగానే వదిన అంది: "నాన్న తలలో ఒక ఊరుంది. దాన్ని పోనివ్వను."

కాగితం మీద గీయమంటే మామయ్య వల్ల కాలేదు. "కూర్చుంటే గుర్తు రాదమ్మా. నడిస్తే వస్తుంది," అన్నారు. నడవడానికి అక్కడ నేలే లేదు. అందుకని వదిన పాత పటాలు చూసి, విరిగిపడిన సగంతో సహా ఆ లోయని ఆటలో మలిచింది. పై సగంలో ఇప్పటికీ మిగిలి ఉన్న చర్చి పునాదిని రాయికి రాయి దించి, దాని గుమ్మంలో ఒక తాబేలుని నిలబెట్టింది. మామయ్య చెబుతుంటే మామయ్య బదులు అది నడవాలి. ఆయనకి ఇంగ్లీషంటే ఒళ్ళు మంట. "మా గొర్రెల్ని ఇంగ్లీషులో పిలిచి చూడు, ఒక్కటైనా తల తిప్పుతుందేమో," అంటారు. కాబట్టి నడక పాఠాన్ని కూడా వదిన మా మాటల్లోకి మార్చేసింది. ముందుకి, వెనక్కి, ఎగువకి, దిగువకి.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం మామయ్యా వదినా ఉండే ఇంట్లో చేరాం. మామయ్య కళ్ళజోడు సవరించుకుని ఒంటి వేలితో కొట్టారు. చర్చి గుమ్మం నుంచి ముందుకి. తాబేలు నడిచింది. మామయ్య మొహం వెలిగింది. తర్వాత "దిగువకి" అని కొట్టారు. తాబేలు ఉన్నచోటే నేలకి కన్నం పెట్టుకుని లోపలికి దిగిపోయింది.

"ఎటు పోతోందే ఇది?"

"నువ్వు చెప్పినట్టే వెళ్తోంది నాన్నా."

ఆయన మళ్ళీ అదే కొట్టారు. అది ఇంకా లోతుకి పోయింది. మళ్ళీ కొట్టారు. చివరికి అడుగు బండ తగిలి ఆగింది.

"అటు కాదు, అటు కాదు! దీనికి... దీనికి సముద్రం తెలీదే!"

హైని నా వైపు చూశాడు. ఆ చూపు నాకర్థమైంది. ఆటబొమ్మకి సముద్రం తెలియకపోవడమేంటి, ముసలాయన మాట తప్పుతున్నాడు అని. నేనూ అలాగే అనుకున్నాను, అబద్ధమెందుకు.

మరుసటి ఆదివారం కూడా అదే వరస. చర్చి చుట్టూ నేలంతా ఎలుక కొట్టిన జున్నులా తయారైంది. మామయ్య బల్ల మీద చెయ్యి వేసి కాసేపు తెరకేసి చూశారు. తర్వాత ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు మెల్లగా అన్నారు: "నాకే గుర్తు లేదేమో. దారి పోయిందేమో తలలోంచి." లేచి కుర్చీ జరుపుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు.

వంటింట్లోకి వచ్చాక హైని అన్నాడు: "అక్కా, ఇక చాలు. ఊరు మర్చిపోయిన మనిషిని ఊరు కట్టమని కూర్చోబెట్టడం హింస. క్లాక్స్‌విక్ వృద్ధుల ఇంట్లో చోటుందట, అడుగుతాను."

"నాన్న మర్చిపోలేదు."

"మరి అదెందుకు తవ్వుతోంది? నీ పాఠంలో తప్పుందా?"

"నా పాఠంలో తప్పేం లేదు! నేను రాశాను దాన్ని!"

అన్నాక ఆమెకే తెలిసొచ్చింది, ఆ మాటకి అర్థమేమిటో. పాఠంలో తప్పు లేకపోతే తప్పు మామయ్య తలలోనే ఉన్నట్టు. వదిన నోరు మూసుకోవడం నేను మొదటిసారి చూశాను. చూడకపోయినా బాగుండేది.

బల్ల మీద భోజనం పెట్టాను. బంగాళాదుంపలు, పులవని రొట్టె, రేవల్చిన్ని కాడలతో చేసిన పుల్లటి జామ్. మామయ్య పళ్ళెం కేసి చూసి, ఎప్పటిలాగే, "రన్వా, దిగువకెళ్ళి కాస్త మాంసం కోసుకురా," అన్నారు. పొట్టేలు మాంసాన్ని గాలికి ఎండబెట్టే మా కొట్టు ఒడ్డు పక్కనే ఉంటుంది. వదిన కత్తి తీసుకుని వెళ్ళింది. కిటికీలోంచి చూస్తున్నాను. వాలులో సగం దూరం వెళ్ళి, గాలికి జుట్టు చెదురుతుంటే, కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మాంసం లేకుండానే గబగబా వెనక్కి వచ్చేసింది.

"మరీతా, నేనిప్పుడు ఎటు వెళ్ళాను?"

"మాంసానికి."

"ఎటు అని అడుగుతున్నా!"

"దిగువకి."

"నేల తవ్వుకుంటూ వెళ్ళానా?"

తండ్రి జబ్బు కూతురికి కూడా అంటుకుందని నేను హడలిపోయాను. ఆమె మాత్రం నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు పాఠంలో పైకీ కిందికీ అని ఉన్నచోట, మా నోట ఎప్పుడూ ఆడే మాటలు కదా అని, ఎగువ, దిగువ అని రాసేసింది. పుట్టినప్పటినుంచీ రోజూ దిగువకి నడుస్తూనే ఉంది, దిగువంటే కింద కాదు, సముద్రం వైపు అన్న సంగతి తెర ముందు కూర్చునేసరికి మర్చిపోయింది. తాబేలు మాత్రం రాసింది రాసినట్టు చదువుకుని పాతాళానికి బయల్దేరింది.

వదిన వెళ్ళి మామయ్య కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. "నాన్నా, తప్పు నాది. నువ్వు సరిగ్గానే చెప్పావు. దారి నీకు గుర్తుంది. నేను రాసింది తప్పు."

"చెప్పాను కదే, దానికి సముద్రం తెలీదని," అన్నారు మామయ్య. తర్వాత అడిగారు: "మాంసమేదీ?"

హైనితో గోడ క్యాలెండర్ మీద ఆ తేదీకి సున్నా చుట్టించాను. మా వదిన తప్పు ఒప్పుకున్న రోజుకి సెలవు ఇవ్వాలి ప్రభుత్వం.

అయితే కథ అంతటితో తేలలేదు. సముద్రం ఏ దిక్కున ఉందని తాబేలుకి చెప్పడం? ఈ ఒడ్డున దిగువంటే తూర్పు, ఎదుటి ఒడ్డున అదే దిగువ పడమర. తాబేలు ఎక్కడ పుడుతుందో ఎవరికి తెలుసు? వదిన రెండు చేతులూ నడుమున పెట్టుకుని అంది: "తెలీనివాడు ఏం చేస్తాడు? అడుగుతాడు." పుట్టు పాఠాల్లో ఒక అర ఉందట. అందులో ఏం పెడితే అది, తాబేలు కళ్ళు తెరవగానే ఎవరూ చెప్పకుండానే చదువుతుంది. అక్కడ ఒక్క ప్రశ్న పెట్టింది: సముద్రం ఎటు? జవాబు చెప్పేదాకా అది అడుగు కదపదు. చెప్పాక మాత్రం, దిగువకి అంటే వాలు వెంబడి బుద్ధిగా ఒడ్డు వైపు నడుస్తుంది, ఎగువకి అంటే కొండ వైపు ఎక్కుతుంది.

తెర మీద ఆ ప్రశ్న చూసి మామయ్య నిటారుగా కూర్చున్నారు. "హమ్మయ్య. ఇప్పుడు మనిషైంది," అన్నారు.

ఆ చలికాలమంతా హూసాదాల్ లేచింది. చర్చి గుమ్మం నుంచి దిగువకి, పడవల కొట్టు. అక్కణ్ణుంచి ఎగువకి, దుంపల మడి. చేపలు ఆరబెట్టే చదును బండ. ఆయన ఆగకుండా నడిచారు, వేలు తడబడితే వదిన కొట్టింది. వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళే బాటలో తాబేలుని ఆపించి, "ఇక్కడొక రాయి పెట్టు," అన్నారు.

"బాట మధ్యలోనా? ఎందుకు నాన్నా?"

"ఉండేది. వెళ్ళినప్పుడల్లా దానికే కాలు తన్నుకునేవాణ్ణి."

బల్ల కింద ఆయన బొటనవేలు మేజోడులో ముడుచుకోవడం నేను చూశాను. హైని కూడా చూశాడు. లేచి బయటికి వెళ్ళి, పొయ్యికి కావాల్సినదానికన్నా చాలా కట్టెలు తెచ్చాడు.

ఇల్లు పూర్తయిన రోజు వదిన ఆ ముంగిట్లో తాబేళ్ళన్నిటినీ గుండ్రంగా నిలబెట్టి ఆడించింది. ఎడమకి రెండు, కుడికి ఒకటి. అందులో ఒకదానికి సముద్రం ఎటో తప్పు చెప్పినట్టున్నారు, అది ఆడుతూ ఆడుతూ మడిలో పడింది. "అది హైని," అన్నారు మామయ్య.

జబ్బు తగ్గిందని చెప్పను, తగ్గలేదు. గొర్రెలు ఈనే వేళకి ఆయన నన్ను "దక్షిణాది పిల్లా, నువ్వెవరి తాలూకు?" అని అడగడం మొదలుపెట్టారు. పొయ్యి వెలిగించి మర్చిపోయేవారు. చివరికి క్లాక్స్‌విక్‌కి తీసుకెళ్ళక తప్పలేదు. మొదటి వారం అక్కడి నర్సు ఫోన్ చేసింది. గదిలోంచి బయటికొచ్చి ఎడమకి తిరిగితే భోజనాల గది అని ఎన్నిసార్లు చెప్పినా, వసారాలో నిలబడి ఏడుస్తున్నారట. కొత్తవాళ్ళకి మొదట్లో మామూలేనంది.

వదిన వెంటనే కారు తీసింది. నేనూ వెళ్ళాను. వసారాలో నిలబడి అటూ ఇటూ చూసి నర్సుని అడిగింది: "సముద్రం ఎటు?"

ఆ పిల్ల బెదిరిపోయి, భోజనాల గది వైపు చెయ్యి చూపించింది. "ఆ కిటికీల్లోంచి రేవు కనిపిస్తుందండీ."

"అయితే ఎడమ, కుడి అని చెప్పకండి. భోజనాల గది దిగువ. స్నానాల గది ఎగువ. ఇక్కడ పనిచేసే అందరికీ చెప్పండి. డాక్టరమ్మకి కూడా."

"మాకు ఇక్కడ ఒక పద్ధతుంటుందండీ..."

"ఉంటుంది. మార్చుకోవచ్చు," అంది మా వదిన.

నిన్న మధ్యాహ్నం మామయ్యతో మాట్లాడదామని ఫోన్ చేశాను. నర్సే ఎత్తింది.

"ఆయన గదిలో లేరండీ. ఇప్పుడే దిగువకి వెళ్ళారు."

ఆ కన్నం, అందులోకి దిగిపోయిన తాబేలు గుర్తొచ్చాయి. "దిగువకా?" అన్నాను.

"భోజనానికి," అంది ఆ పిల్ల. "ఒక్కరే వెళ్ళారు."