నా పేరుతో దొంగ అడిగిన కుశలం

ఆ రోజుల్లో నేను సోషల్ మీడియాలో పసిపిల్లని. (అసలు వయసు డెబ్బై దాటింది, ఆ లెక్క వేరు.) తిథులూ పుట్టినరోజులూ చీటీల వాయిదాలూ పొల్లుపోకుండా చెప్పగలిగేది నేనొక్కదాన్నేనని అమలాపురంలో మా వీధిలో పేరు. ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం మా భజన సంఘం కార్యదర్శి ఖాతా నుంచి, పొరపాటున తన అంకెలేవో నా ఫోనుకి వచ్చాయని, కాస్త పంపమని మెసేజీ వచ్చింది. ఆవిడ ఖాతాని అప్పటికే ఎవడో కాజేశాడని నాకేం తెలుసు? ఇంకొకరైతే తొందరలో ఒక అంకె అటూ ఇటూ కొట్టి బతికిపోయేవారు. నేను కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు సరిచూసి మరీ పంపాను.

మర్నాటికి నా ఖాతా నాది కాదు. కొబ్బరినీళ్ళు మరగబెట్టి తాగితే షుగరు మాత్రలు మానెయ్యొచ్చని నా ఫోటో కింద రాసిపెట్టాడు ఆ దొంగ. మా పాలాయన నిజంగానే మానేశాడు. మీరు చెప్తే తప్పుండదు కదండీ అంటాడు! నా ఎదురుగా మాత్ర మింగించి పంపాను. ఆపైన తెలిసినవాళ్ళందరికీ నేను ఆసుపత్రిలో ఉన్నానని, ఫలానా నంబరుకి అర్జంటుగా డబ్బు పంపమని మెసేజీలు. పాపం, వాడు ఏ ఊరివాడో గాని కోనసీమవాడు మాత్రం కాదు. ఒంట్లో బాగాలేని మనిషిని చూడకుండా ఉత్త డబ్బు పంపడం ఇక్కడ ఎంత అమర్యాదో వాడికెవరూ చెప్పలేదు. ఒక్కరూ పంపలేదు. అందరూ స్వయంగా వచ్చేశారు. ఐనవిల్లి నుంచి మా వియ్యపురాలు వినాయకుడి ప్రసాదంతో, ఉప్పలగుప్తం నుంచి మా ఆడపడుచు బత్తాయిల సంచితో. చేతులకి నూనె రాసుకుని అరుగుమీద పనసకాయ కోస్తున్న నన్నే, రోగి ఎక్కడని అడిగారు. తెచ్చినవి వెనక్కి పట్టుకెళ్ళడానికి వాళ్ళకి మొహమాటం. వాళ్ళ పళ్ళే ఒలిచి వాళ్ళకే పెట్టాను.

సాయంత్రం ఆటో దిగిన మనిషిని చూసి మాత్రం కత్తి పక్కన పెట్టి లేచాను. నరసాపురంలో ఉండే మా తోటికోడలు. మా అత్తగారి ఆబ్దికం ఏ తిథినాడు పెట్టాలన్న గొడవతో మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. (తిథి నేను చెప్పిందే సరి. ఇప్పటికీ అదే సరి.) సఖినేటిపల్లి రేవు దాకా పంటు మీద గోదావరి దాటి, పూతరేకుల డబ్బా పట్టుకుని, కొంగున డబ్బు ముడివేసుకుని వచ్చింది. తన ఫోనులో ఆసుపత్రి కబురుకి ముందు నా పేరుతో ఇంకో మెసేజీ: చెల్లీ, ఎలా ఉన్నావు, భోంచేశావా, నిన్ను చూడాలని ఉంది.

నిజం చెబితే వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోతుందేమో. ఊరుకుందామా అనిపించింది. కాని తప్పు లెక్క మీద సంతకం పెట్టడం నాకు చేతకాదు.

"అది నేను రాసింది కాదే. ఎవడో దొంగ."

"తెలుసండి అక్కయ్యగారూ. భోంచేశావా అని మీరెప్పుడడిగేరు గనక?"

"మరెందుకొచ్చేవు?"

"ఆసుపత్రి మాటొకటి నిజమేమోనని. అదీ అబద్ధమే అవ్వాలని పంటు మీద ఉన్నంతసేపూ మొక్కుతూనే ఉన్నానండి."

ఆటో వెళ్ళిపోయింది, ఆవిడ ఉండిపోయింది. పనసతొనలు తింటూ పొద్దుపోయేదాకా ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకున్నాం, తిథి జోలికి పోకుండా.

నా ఖాతా తరవాత నాకు దక్కింది. మొన్నొక రోజు నాకే బుద్ధిపుట్టి ఆవిడకి "భోంచేశావా?" అని రాశాను. నిమిషంలో ఫోను.

"అక్కయ్యగారూ, మీ దాంట్లోకి మళ్ళీ ఎవడో దూరేడండి."

నేనేనని ఎంత చెప్పినా నమ్మదు. ఫోనులో గొంతులు కూడా దొంగిలిస్తున్నారటండీ అంటుంది. చివరికి నాకు ఒళ్ళు మండి, అత్తగారి తిథి దశమేగాని నవమి కాదని గట్టిగా అన్నాను.

"ఆయ్. మీరేనండి."

ఇద్దరం నవ్వుకుని ఫోను పెట్టేశాం. ఆ సంబరంలో, ఇంతకీ ఆవిడ భోంచేసిందో లేదో కనుక్కోవడం మరిచిపోయాను.