దేవిక ఆటలో ఏడంటే ఏడే

2022 ఆగస్టు. ఉక్కునగరంలోని ఒక హైస్కూల్లో నేను కౌన్సెలర్‌గా పనిచేసేదాన్ని. అంతకుముందు ఇరవై రెండేళ్లు అదే బడిలో జీవశాస్త్రం చెప్పాను. లైబ్రరీ పక్కన, ఒకప్పుడు మ్యాపులు దాచిన చిన్న గది నాకిచ్చారు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తాళం వేసుకునే బీరువా. ఆ బీరువాలో కేస్ షీట్లుండేవి. నా దగ్గరకొచ్చిన ప్రతి పిల్ల గురించీ తేదీలవారీగా రాసే కాగితం కేస్ షీట్. ఎవరు తీసుకొచ్చారు, ఏం చెప్పారు, నేనేం చెప్పాను, తర్వాత ఏం జరిగింది, అన్నీ అందులో ఉంటాయి. రిటైరైన రోజు వాటిని బడికి అప్పగించి వచ్చాను. నా డైరీలు మాత్రం నాతోనే ఉన్నాయి. ఇది వాటిలోంచి రాస్తున్నాను. పేర్లు మార్చాను.

ఒక శనివారం పైడిరాజు అనే ఆయన చేతిలో మడిచిన కాగితంతో వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. పదో తరగతి చదివే దేవిక ఆయన కూతురు. ఆ కాగితం టీసీ దరఖాస్తు. పిల్లను ఈ బడి మాన్పించి, వేరే ఊళ్లో హాస్టల్ ఉన్న బడిలో వేస్తానని రాసి ఉంది. హెడ్మాస్టరు ముందు నాతో మాట్లాడి రమ్మన్నారట.

"సంటిపిల్ల కాదు మేడమ్ గారూ, పదిహేనేళ్లు. ఎప్పుడు సూసినా ఆ ట్యాబులో కాపురం ఆట. ఒకడికి పెళ్లి సేత్తాది, ఒకత్తికి పిల్లని పెడతాది, వంట సేయిత్తాది. సొంత ఇల్లు ఒగ్గీసి బొమ్మల ఇల్లు సూసుకుంతాది. సాయంత్రమైతే సౌమ్య అని ఓ పిల్ల ఉంది, ఆళ్లింట్లో కూకుంతాది. ఎన్ని గంటలకి వత్తావే అంటే పలకదు."

"మీరు ఎన్ని గంటలకు రమ్మన్నారు?"

"పొద్దు పోకముందే అన్నాను. ఆడపిల్లకి యేరే సెప్పాలేటి?"

ఆ జవాబును కేస్ షీట్లో రాసుకున్నాను కానీ, ఆగి ఆలోచించలేదు. పదో తరగతి పిల్లల పేర్ల జాబితా, అంటే నామినల్ రోల్స్, సెప్టెంబరు చివర బోర్డుకు వెళ్తుంది. అది వెళ్లాక బడి మారడం కష్టం. అందుకే ఆయన తొందర. దేవిక ఆరో తరగతి నుంచి మా బడిలోనే ఉంది, లెక్కల్లో మంచి పిల్ల. మధ్యలో పీకి వేరే ఊళ్లో నాటితే పదో తరగతి ఏమవుతుందో నాకు తెలుసు. అలాంటివి చూశాను. ఆరు వారాలు గడువడిగాను. "మీ మాట తీసీలేను" అని దరఖాస్తు నా బల్లమీదే పెట్టి వెళ్లాడు.

తర్వాత చేసిన పొరపాటు నాదే. పుస్తకంలో ఉన్న సలహా ఇచ్చాను: రోజుకు అరగంట ఆట, ఆ తర్వాత ట్యాబు అమ్మకివ్వాలి. దాంతోపాటు బేస్‌లైన్ కోసం ఒక పని పెట్టాను. ఏదైనా మార్చే ముందు, ప్రస్తుతం ఏది ఎన్నిసార్లు జరుగుతోందో రాసుకోవడమే బేస్‌లైన్. ఇంట్లో గొడవ జరిగిన ప్రతిసారీ తేదీ వేయమని తల్లి సత్యవతికి ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చాను. జ్ఞాపకం ఉన్నంతవరకూ జూలై గొడవలు కూడా వేయమన్నాను.

మూడు వారాలైంది. అరగంట నియమం మూడు రోజులు కూడా నిలవలేదు. గొడవలు తగ్గలేదు. పైడిరాజు ఫోన్ చేసి, "మేడమ్ గారూ, హాస్టలోళ్లు సీటు ఉంచలేమంతన్నారు" అన్నాడు.

మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. ఆటను తిట్టడానికి ముందు ఆట చూడాలి కదా. దేవికను ట్యాబుతో రమ్మన్నాను.

పిల్ల అనుమానంగానే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"తీసుకుంటారా మేడం?"

"తీసుకోను. నాకు నేర్పు."

ఓ కుటుంబాన్ని నా చేతికిచ్చింది. పావుగంటలో నా ఆసామి నిద్ర లేకుండా ఉద్యోగానికి వెళ్లి కళ్లు తిరిగి పడ్డాడు. పొయ్యి మీద గిన్నె వదిలేశానట, వంటగది అంటుకుంది. దేవిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మేడం, మీ ఇంట్లో ఎవులూ బతకరు" అంది. నా గదిలో ఆమె బెరుకు లేకుండా అన్న మొదటి మాట అదే. డైరీలో రాసుకున్నాను.

ఆ తర్వాత తన కుటుంబాన్ని చూపించింది. తండ్రి, తల్లి, పదిహేనేళ్ల కూతురు. తండ్రిది బ్యాంకు ఉద్యోగం, పది నుంచి ఐదు. ఆ ఆటలో ఇంటి నియమాలకు ఒక పేజీ ఉంటుంది. టీనేజి పిల్లలు ఎన్నింటికి ఇల్లు చేరాలో తల్లిదండ్రులు అక్కడ పెడతారు. దాన్ని కర్ఫ్యూ అంటారు. హోంవర్క్, ఫోన్, భోజనం, అన్నిటికీ గడులున్నాయి. కావాలంటే అన్నీ ఖాళీగా వదిలెయ్యొచ్చు. స్వేచ్ఛ కోసం ఆటలోకి పారిపోయిన పిల్ల అని నేను అనుకున్నాను కాబట్టి, ఖాళీ పేజీయే కనిపిస్తుందని ఎదురుచూశాను.

ఒక్క గడి ఖాళీ లేదు. కర్ఫ్యూ ఏడు గంటలు. భోజనానికి ముందే హోంవర్క్. కంచం ముందు ఫోన్ లేదు.

"ఇదేంటి, మీ నాన్నను మించిపోయావే!"

"మించడం కాదు మేడం. రాసి ఉంటాది కదా. ఏడంటే ఏడే. ఈ వారం ఏడు, పై వారం ఐదు అవదు. మా ఇంట్లో టైం ఎవులికి తెలుసు?"

"ఈ పిల్ల ఏడుకు రాకపోతే?"

"మర్నాడు బయటికి పంపరు. అంతే, అయిపోతాది. మళ్లీ అనరు. మా నాన్నయితే పోయిన ఉగాదిది కూడా తీత్తారు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లాక, సత్యవతి రాసిచ్చిన తేదీలను క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను. పదకొండు గొడవలు. వారంలో ఒకే రోజు అని లేదు, పరీక్షల ముందు అని లేదు. కానీ గుంపులు గుంపులుగా ఉన్నాయి. రెండు మూడు వరసగా, మధ్యలో రెండు వారాలకు పైగా దాదాపు శాంతి. ఉక్కునగరంలో ముప్పై ఏళ్లున్నదాన్ని, అలాంటి గుంపులు చూస్తే నాకు ఒకటే గుర్తొస్తుంది. ఇక్కడ ఎ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు వరకు, బి షిఫ్టు రెండు నుంచి పది వరకు, సి షిఫ్టు పది నుంచి తెల్లవారి ఆరు వరకు. పైడిరాజుకు ఫోన్ చేసి రెండు నెలల షిఫ్టులు చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పాడు. పదకొండింట్లో తొమ్మిది, సి షిఫ్టు ముగిసి ఎ షిఫ్టులోకి మారిన మొదటి మూడు రోజుల్లోనే ఉన్నాయి.

కారణం ఊహించగలను. కానీ ఊహ కేస్ షీట్లో రాయను. ముగ్గురినీ కలిపి పిలిచాను.

క్యాలెండరు బల్లమీద పరిచాను. పైడిరాజు గొడవ తేదీల మీద వేలు పెట్టి, ఏ రోజు ఏ షిఫ్టో చెప్పుకుంటూ పోయాడు.

"అయితే ఏటంతారు, తప్పు నాదేనా? నాను షిఫ్టు మార్సనేను కదా."

"షిఫ్టు మార్చక్కర్లేదు. సి షిఫ్టు వారంలో సాయంత్రం మీరేం చేస్తారు?"

"ఐదింటికి పడుకుంతాను. ఎనిమిదికి లేత్తాను. ఆ కునుకు నేకపోతే పైన క్యాబిన్లో కళ్లు మూతలు పడిపోతాయి. కింద మనుసులుంతారు మేడమ్ గారూ."

"అప్పుడు దేవిక ఎక్కడుంటుంది?"

"ఇంట్లోనే ఉంతాది."

దేవిక బల్లకేసి చూస్తోంది. అప్పటిదాకా ఒక్క మాటా అనని సత్యవతి చీర కొంగు వేలికి చుట్టుకుని, "ఇంట్లో ఉండదు" అంది.

"ఏటి?"

"నానే పంపుతాను సౌమ్యోళ్లింటికి. రెండు గదుల కోర్టరు. పుస్తకం కింద పడినా లేసిపోతావు నువ్వు. నీకు నిద్ర సాలకపోతే ఆ పైన ఎక్కి ఏటవుద్దోనని నా పేనం కొట్టుకుంతాది. ఎనిమిది దాటాక, మీ నాన్న తానానికెల్లినప్పుడు రావే అని నానే సెప్తాను."

"మరి నాను అరిసినప్పుడు ఒక్క ముక్క సెప్పలేదేటే?"

"సెప్తే నన్నంతావు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వయినా సెప్పొచ్చు కదమ్మా."

"సెప్తే అమ్మని తిడతావు కదా" అంది దేవిక.

ఒక వారం తల్లే ఎనిమిదింటిదాకా రావద్దంటుంది. పై వారం ఎ షిఫ్టు, సాయంత్రం తండ్రి మేలుకుని ఇంట్లో ఉంటాడు, అదే ఇంటి నుంచి ఆరున్నరకు వస్తే తిడతాడు. పిల్ల రెండు మాటలూ విన్నది, రెండింటి మధ్యా తిట్లు తనే తింది, తల్లి పేరు మాత్రం బయట పెట్టలేదు. మేమందరం కలిసి దానికి ఆటపిచ్చి అని పేరు పెట్టాం. నా షీట్లో కూడా అదే రాసి ఉంది. ఆ రోజు కొట్టేశాను.

పైడిరాజు మెత్తబడ్డాడు కానీ, దరఖాస్తు వెనక్కి తీసుకుంటాననలేదు. "ఇప్పుడు తెలిసింది సరే. రేపు మళ్లీ షిఫ్టు మారుద్ది, మళ్లీ ఇదే కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

"మీ క్రేను దగ్గర షిఫ్టు మారినప్పుడు ఏం చేస్తారు?" అని అడిగాను.

"లాగ్ బుక్కు రాత్తాం. బ్రేకు ఎలగుంది, తాడు ఎలగుంది, ఏటి జరిగింది. వచ్చినోడు సదివి సంతకం పెడితేనే మనం దిగాలి."

"మాటగా చెప్తే చాలదా?"

"సాలదు మేడమ్ గారూ! మాట మీద క్రేనెక్కుతారేటి?"

అంటూనే ఆయన కళ్లు బల్లమీది క్యాలెండరు మీదికి వెళ్లాయి.

మా వృత్తిలో బిహేవియర్ కాంట్రాక్ట్ అని ఉంది. పిల్లలూ పెద్దలూ ఏం చేస్తారో, చేయకపోతే ఏమవుతుందో రాసుకునే ఒప్పందం. అచ్చు ఫారాలుంటాయి. నేను ఫారం తీయలేదు, రూళ్ల పుస్తకం ఒకటి ఇచ్చాను. ప్రతి షిఫ్టు మారే ముందు రోజు ముగ్గురూ కూర్చుని వచ్చే వారం గడువు రాయాలి. సి షిఫ్టు వారంలో సౌమ్య వాళ్లింట్లో ఎనిమిదిన్నర వరకు. మిగతా వారాల్లో ఏడు. తప్పితే మర్నాడు బయటికి లేదు, ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఆఖరి షరతు దేవికదే.

కింద దేవిక సంతకం పెట్టింది, సత్యవతి పెట్టింది. పైడిరాజు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"నాను కన్న పిల్లకి నాను సంతకం పెట్టాలేటి?"

"క్రేనుకి పెడతావు కదా నాన్నా" అంది దేవిక.

ఆయన మొహం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను. సత్యవతి మోచేత్తో పొడిచి, "పెట్టీ, నీకేటి పోయింది, రోజూ ఆ ఇనప ముక్కకి పెట్టడం నేదా" అంది. ఆయనకు నవ్వు ఆగలేదు. పెట్టాడు. టైము కూడా వేశాడు, అలవాటు ప్రకారం. టీసీ దరఖాస్తు అడిగి తీసుకుని, రెండుగా చించి జేబులో పెట్టుకున్నాడు. హాస్టలుకు ఫోన్ నా ముందే చేశాడు.

అంతా చక్కబడిపోలేదు. నవంబరులో దేవిక ఏడుంబావుకు వచ్చింది, మర్నాడు ఆదివారం స్నేహితురాలి పుట్టినరోజు పార్టీ పోగొట్టుకుంది, ఏడ్చింది. ఒకసారి పైడిరాజు గడువు రాయడం మరిచి అరిస్తే, కూతురు ఖాళీ పేజీ చూపించిందట. ఆట మానలేదు, నేను మానమననూ లేదు. మా బడి నుంచే పదో తరగతి రాసింది. లెక్కల్లో తన తరగతికి మొదటి మార్కు.

ఆ తర్వాత నా కేస్ షీట్లో రెండు గడులు చేర్చాను. ఇంట్లో పెద్దవాళ్ల పని వేళలు ఏమిటి? ఈ నియమం చివరిసారి ఎప్పుడు మారింది, మారినట్టు పిల్లకు ఎవరు చెప్పారు? ఈ రెండో ప్రశ్నకు ఠక్కున జవాబు చెప్పిన తల్లిదండ్రులు నాకు చాలా తక్కువమంది దొరికారు. పిల్లలకు మాత్రం ప్రతిసారీ తెలుసు. నియమం గట్టిదా మెత్తదా అన్నది వాళ్లకు రెండో సంగతి. నిన్న ఉన్నది ఇవాళ ఉందా, లేదా అన్నదే మొదటిది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను ఖాయంగా చెప్పగలిగినవి కొన్నే, వాటిలో ఇదొకటి. పెద్దవాళ్లు కూడా సంతకం పెట్టాలన్నప్పుడు కొందరు తండ్రులు కుర్చీ వెనక్కి తోసి లేచేవారు. ఒకరిద్దరు వెళ్లిపోయారు కూడా. నేను పెన్ను బల్లమీద అలాగే ఉంచి ఊరుకునేదాన్ని. చాలామంది మళ్లీ కూర్చున్నారు.